అడ్డగోడ మీద నీలిమందు

మీ ఇంట్లో ఒక గోడను పడగొట్టాలని నిర్ణయించుకున్నప్పుడు, ఆ గోడతో అందరికంటే ఎక్కువ పని ఎవరికి ఉందో మీరెప్పుడైనా విచారించారా? అడ్డంగా నిలబడటం తప్ప గోడ చేసే పనేమిటని మీరు నన్ను ఎదురు ప్రశ్నించవచ్చు. ఆ రోజుల్లో నేనూ సరిగ్గా అదే ప్రశ్న వేశాను. వేయడమే కాదు, ఆ ప్రశ్నతోనే మా ఇంట్లో ఒక చర్చ గెలిచాను. హిందూపురంలో డిగ్రీ చదివినంతకాలం చర్చావేదికల మీద నిలబడి నేను నేర్చుకున్న విద్య అది. ఆధారం చూపందే ఏ మాటా నమ్మరాదు. మౌనంగా ఉన్నవారు ఒప్పుకున్నట్టే లెక్క. ఎదుటివారు తడబడ్డారంటే అక్కడ ఏదో దాచినట్టే. ఈ సూత్రాలతో నేను కాలేజీలో కప్పులు గెలుచుకున్నాను, ఇంట్లో "అధ్యక్షమ్మ" అనే పేరు తెచ్చుకున్నాను. (సంగటిలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా నేను "అధ్యక్షా" అని మొదలుపెట్టేదాన్నని నాయన ఆరోపణ. దానికి ఆయన ఇంతవరకూ ఒక్క సాక్షిని కూడా ప్రవేశపెట్టలేదు.)

మా ఇల్లు పెనుకొండలో, కొండ నీడ పెందలాడే వచ్చి పడే ఒక వీధిలో ఉంది. తాత కట్టించిన ఇల్లు. పలచని ఎర్ర ఇటుకలు, వాటి మధ్య సున్నం, పైన మిద్దె, గోడల మీద ఏటేటా పూసిన వెల్లల పొరలు (గోరుతో గీకితే నాయన పెళ్ళినాటి పచ్చరంగు, దాని కింద మేనత్త పెళ్ళినాటి పసుపు బయటపడేవి). ఒక వానాకాలం వెనకవైపు గోడ నెమ్మెక్కింది. మిద్దె నుంచి రాలిన సున్నపు పెచ్చు ఒకటి సరిగ్గా నాయన కంచంలో పడింది. అంతవరకూ ఇంటిని గురించి అమ్మ ఎన్ని చెప్పినా వినని నాయన ఆ పూటే ఇల్లు బాగు చేయించాలని తీర్మానించాడు. నాయన కరెంటాఫీసులో ఉద్యోగి. ఊరందరి ఇళ్ళలో వెలుగు గురించి ఆలోచించి ఆలోచించి మా పడసాల ఎంత చీకటిగా ఉందో ఆయన అప్పటిదాకా గమనించనే లేదు.

పడసాల చీకటికి కారణం ఒక అడ్డగోడ. వీధివైపు నుంచి పెరటి తలుపు దాకా ఇంటిని నిలువునా రెండుగా చీల్చుకుంటూ పోయే గోడ. ఇటువైపు పడసాల, అటువైపు వంటిల్లు. దూలాల బరువేదీ దాని మీద లేదు గనుక దాన్ని తీసేస్తే విశాలమైన హాలు వస్తుందని లెక్క. కానీ గోడ పడితే ఇల్లంతా దుమ్ము. వంట పెరట్లో రేకుల కింద. అందువల్ల పని పూర్తయ్యేదాకా మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ధర్మవరంలో కూతురి ఇంట్లో ఉండాలి. గోడకు గడ్డపార తగిలిన రోజే అవ్వ ప్రయాణం. ఆ ప్రయాణం అవ్వకు ఇష్టం లేదని అందరికీ తెలుసు. ఎందుకిష్టం లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

"నేను యాడికీ పోను" అనేది అవ్వ.

"యాల పోవు?" అని నేను.

"ఈడ బాగుండాది."

ఇది జవాబు కాదు, జవాబు నుంచి తప్పించుకోవడం. నా అనుమానం అక్కడ మొదలైంది.

నిజానికి అవ్వ ప్రవర్తన అప్పటికే పరిశీలనార్హంగా ఉండేది. పడసాలలో ఎవరైనా కుర్చీని ఉన్నచోటు నుంచి కాస్త జరిపితే చాలు, "దారిలో కుర్చీ పెట్టింది ఎవరు?" అని ఇల్లు అదిరేట్టు అరిచేది. (కుర్చీకి నిర్ణీత స్థానం ఉండాలనడం ఛాందసమని నేను వాదించాను. వాదన జరుగుతున్నంతసేపూ ఆమె కుర్చీని పట్టుకునే నిలబడింది.) ఎంతో ఇష్టంగా చూసే టీవీ సీరియళ్ళను, "ఇప్పటివి ఏం బాగలేవు" అంటూ ఉన్నట్టుండి మానేసింది. ఎవరైనా ఇంట్లోకి వస్తే వెంటనే పలకరించేది కాదు, వాళ్ళు నోరు విప్పేదాకా కాచుకుని, అప్పుడు "ఏమబ్బా, బాగుండావా?" అనేది. సాయంత్రాల్లో కరెంటు పోతే మేమంతా ఒకరికొకరు తగులుకుంటుంటే అవ్వ ఒక్కతే నింపాదిగా నడిచిపోయి వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చిచ్చేది. ఇవన్నీ నేను చూశాను. చూసి, ఈ ముసలామె మా దగ్గర ఏదో దాస్తోందని తేల్చుకున్నాను. ఆ మాటవరకూ నేను తేల్చింది సరైనదేనని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను.

గోడను గురించి ప్రజాస్వామికంగా నిర్ణయించాలని పట్టుబట్టింది నేనే. ఒక ఆదివారం పడసాలలో సభ పెట్టాను. నాయన అధ్యక్షుడు, అమ్మ చేటలో శనక్కాయలు ఒలుచుకుంటూ సభ్యురాలు, అవ్వ తన మంచం మీద. నేను లేచి నిలబడి, వంటింటికి అడ్డంగా ఉన్న గోడ స్త్రీని తన ఇంటినుంచే వేరుచేస్తున్న గోడ అని ప్రారంభించి, వెలుతురు, గాలి, సమానత్వం అనే మెట్ల మీదుగా ఉపన్యాసాన్ని మిద్దె దాకా ఎక్కించాను.

అంతా విని అమ్మ, "ఆ గోడ ఉండబట్టే మీ నాయన చెప్పే వార్తలు చెవిన పడకుండా నాలుగు గింజలు వండుకుంటాండా. దాన్ని కూడా తీసేస్తే ఇంగ నేను యాడికి పోవాల?" అంది.

"అది వ్యక్తిగత అనుభవం మా, వాదన కాదు" అన్నాను.

"నా గురించి ఏందో అంటాండారు, నేను ఈడనే ఉండా" అన్నాడు అధ్యక్షుడు.

చివరకు అవ్వ అభిప్రాయం అడిగాను. ఆమె చెయ్యి వెనక్కు చాచి గోడను ఒకసారి తడిమింది. "మీ ఇష్టం. నాదేముండాది" అంది. ఆక్షేపణ లేదు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమని ప్రకటించాను. అమ్మ నావైపు ఒక చూపు చూసి శనక్కాయ పొట్టు ఊదుకుంది.

ఆ తరువాత హిందూపురం నుంచి ప్లాను గీసే సారు వచ్చాడు. మా అరుగును ఆయన "సిటౌట్" అన్నాడు. ఉన్న వస్తువుకు కొత్త పేరు పెట్టేవారి పట్ల జాగ్రత్తగా ఉండాలి గనుక ఆయన్ని నేను చాలాసేపు ప్రశ్నించాను. కిటికీ ఇక్కడే ఎందుకు? తలుపు అటు ఎందుకు తెరుచుకోవాలి? ఆయన పెన్ను పక్కన పెట్టి, "పాపా, నువ్వేం చదివిండావమ్మా?" అని అడిగాడు. ఆయన ఇచ్చిన కాగితం మీద మా ఇల్లు నల్లటి గీతలుగా ఉంది. అడ్డగోడ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. నాయన దాన్ని మర్యాదకు అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, కాసేపు పరీక్షగా చూసినట్టు చూసి, "భలే ఉండాది నాయనా. రంగు చానా బాగుండాది" అంది.

రంగనేదే లేని కాగితానికి రంగు బాగుందని సాక్ష్యమిచ్చే మనిషిని చర్చలో అయితే అక్కడికక్కడే నిలదీసేదాన్ని. ఇంట్లో కాబట్టి నోరు మూసుకుని, అనుమానాన్ని మాత్రం ఒక మెట్టు పెంచుకున్నాను. అవ్వకు ఈ పని మీద శ్రద్ధ లేదు. లేదా శ్రద్ధ ఉన్నట్టు నటిస్తోంది. నటిస్తోందంటే వెనక నడిపించేవారు ఎవరో ఉన్నారు.

ఇక మేస్త్రీ. ఏం అడిగినా "చూద్దాం" అంటాడని ఆయనకు "చూద్దాం మేస్త్రీ" అని పేరు. (ఎప్పుడు మొదలుపెడతావంటే చూద్దాం. ఎప్పుడు ముగిస్తావంటే చూద్దాం. కాఫీ తాగుతావా అంటే మాత్రం "ఇయ్యండి".) పాత గోడ పడగొట్టే ముందు ఆయనకొక పద్ధతి ఉంది. సాయంత్రం పొద్దు దిగాక ఇటుక పెళ్ళతో గోడ మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి, దాని కింద కొంచెం కుంకుమ పెట్టి వెళ్తాడు. పొద్దున వచ్చేసరికి గుర్తు గీసినట్టే ఉంటే ఇల్లు ఒప్పుకున్నట్టు. అప్పుడే గడ్డపార ముట్టుకుంటాడు.

"గుర్తు లేకపోతే?" అన్నాను.

"ఒప్పుకోనట్ల. మా గురువు నేర్పించిండే పద్ధతి పాపా ఇది. నిన్నగాక మొన్న వచ్చిండేది కాదు."

"ఇటుకకు, సున్నానికి ఇష్టాయిష్టాలుంటాయా మేస్త్రీ? ఆధారమేమిటి?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "చూద్దాం" అన్నాడు.

మరునాడు పొద్దున గుర్తు లేదు. అక్కడ గోడ మీద ఎర్రటి మసక ఒకటి మాత్రం మిగిలింది. మేస్త్రీ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇల్లు ఒప్పుకోలా" అని, గడ్డపారను కొత్తకోడలిని పుట్టింటికి తీసుకుపోతున్నంత భద్రంగా మోటారుసైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒక మంచిరోజు చూసి గీశాడు. మళ్ళీ పోయింది. మూడోసారి గీయమంటే గుమ్మడికాయ, నిమ్మకాయలు లేకుండా ఆ గోడ జోలికి రానన్నాడు. "గోడ తనంతట తానే తుడుచుకుంటాండాది సార్. ఇది సామాన్యమైన గోడ కాదు" అని నాయన చెవిలో చెప్పాడు. కరెంటు తీగల్ని తప్ప దేనికీ భయపడని నాయన ఆ రోజు నుంచి గోడకు కాస్త ఎడంగా నడవసాగాడు.

గోడలు తుడుచుకోవు. ఎవరో తుడుస్తున్నారు. ఎవరు? మేస్త్రీ తుడిచే అవకాశం ఉంది. సోమందేపల్లి వైపు ఆయనకు ఇంకో పని నడుస్తోందని విన్నాను, మా పని ఆలస్యమైతే ఆయనకే లాభం. అమ్మకు కారణం ఉందని సభలోనే బయటపడింది. అందరికంటే ముఖ్యంగా నా అనుమానం ధర్మవరం అత్త మీద పడింది. ఆ మధ్య అత్త తరచూ ఫోను చేసేది; ఫోను రాగానే నాయన పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవాడు. పెరట్లోకి వెళ్ళి మాట్లాడే మాటల్లో ఇంటికి మేలు చేసేవి ఉండవని నా నమ్మకం. (పడసాలలో సిగ్నల్ ఉండదన్న సంగతి నాకు తెలుసు. దాన్ని నేను సాకుగా పరిగణించాను.)

సాక్షిని కలవకుండా తీర్పు చెప్పకూడదు గనుక ధర్మవరం బస్సెక్కాను. అత్త ఇంట్లో మగ్గం నడుస్తోంది. ఆమె నన్ను చూసి ఎంతో సంతోషపడి, ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. ఈ ఆతిథ్యాన్ని కూడా నేను అనుమానించాను గానీ రెండోసారి వడ్డించుకున్నాను.

"మా అవ్వ మీ ఇంటికి రావడానికి ఎందుకు ఇష్టపడటంలేదు అత్తా? మీ మధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని సూటిగా అడిగాను.

అత్త ముఖం చిన్నబోయింది. "అదే నాకూ తెలీదు పాపా. పోయినసారి వచ్చినప్పుడు కూసోబెట్టిన చోటు నుంచి లేవనే లేదు. రాణీ మాదిరి కూసోని, నీళ్ళు తేపా, తమలపాకు తేపా అని అందరికీ పనులు చెప్పింది. మగ్గం మీద కొత్త చీర చూడుమా అంటే చూడనే లేదు. చేతికిస్తే తడిమి, జరీ బాగుండాది అనింది, అంతే. ఏమన్నా మనసు నొప్పించినామో ఏమో అని మీ నాయనకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండా."

నేను బస్సులో తిరిగివస్తూ ఆ మాటల్ని ఎన్ని వైపుల నుంచి పరిశీలించానో మీకు చెప్పలేను. తల్లీకూతుళ్ళ మధ్య పాత పగ ఏదో ఉందనీ, ఇద్దరూ దాన్ని నా నుంచి దాస్తున్నారనీ నిర్ధారించుకున్నాను. ఇంత తప్పును ఇంత క్రమబద్ధంగా కట్టుకుంటూ పోవడానికి సామాన్యమైన చదువు చాలదు.

పెనుకొండలో బస్సు దిగి, బట్టలకు పెట్టే నీలిమందు పొట్లం ఒకటి కొన్నాను. ఆ సాయంత్రం నాయన బతిమాలగా బతిమాలగా మేస్త్రీ మూడోసారి గుర్తు గీశాడు. పొద్దున గుమ్మడికాయతో వస్తానన్నాడు. అమ్మా నాయనా భోజనాల దగ్గర ఉన్నప్పుడు నేను ఆ ఇంటూ గుర్తు నిండా నీలిపొడి అద్ది ఉంచాను. తుడిచిన చెయ్యి దొరికిపోవాలి. పడసాల చీకట్లో పొడి కనిపించదు. తడి తగిలితే దాన్ని దాచడం ఎవరివల్లా కాదు. అవ్వ ఎదుటే మంచం మీద కూర్చుని ఉంది. "ఏమే పాపా, గోడకాడ ఏం చేస్తాండావు?" అంది. "ఏం లేదు అవ్వా, దుమ్ము దులుపుతాండా" అన్నాను. ఆమె నమ్మింది. అంత సులభంగా ఆమె ఎలా నమ్మిందన్న ప్రశ్న నాకు రాలేదు. ప్రశ్నించడమే వృత్తిగా పెట్టుకున్నదాన్ని, వేయాల్సిన ఒక్క ప్రశ్న వేయలేదు.

పొద్దున నేను లేచేసరికి గుర్తు చెరిగిపోయి ఉంది. నాయన ఎడంగా ఉండటం మరిచిపోయి ఆ గోడకే వీపు ఆనించి పేపరు చదువుతున్నాడు. ఆయన బనియను వెనకంతా నీలం.

"దొరికావు నాయనా!" అన్నాను.

"ఏంది?"

"ముందు లేచి వెనక్కు తిరుగు."

ఆయన తిరుగుతుండగానే వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆమె చెంప మీద, కొంగు మీద నీలం. నేను వేలు అటు తిప్పాను. అమ్మ నన్ను కాల్చేసేట్టు చూసి, "పొద్దున్నే నన్ను దొంగను చేస్తాండావా? మీ నాయనకు కాఫీ ఇచ్చేటప్పుడు గోడకు చెయ్యి తగిలుంటాది. చూస్తే గ్లాసులు నీలం, పాలగిన్నె నీలం. ఏం పూసి చచ్చినావే గోడకు?" అంది. నేరస్థులు ఎక్కువైపోయి విచారణ నా చేతులు దాటుతోంది. అవ్వ మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఆకు నీలం. ఆమె అరచెయ్యి మొత్తం ముదురు నీలం.

"అవ్వా! నువ్వా తుడిచింది?"

"నేనేం తుడిచినా?"

"నీ చెయ్యి చూసుకో."

అవ్వ చెయ్యి ఎత్తి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏముండాది? బాగనే ఉండాది కదా" అంది.

నాయన పేపరు మడిచాడు. అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. నేను ఇంకేదో అనబోయి, అప్పుడు గోడను చూశాను.

గోడ మీద ఒక నీలి గీత ఉంది. నా నడుము కంటే కాస్త పైన, మనిషి చెయ్యి ఆనించుకునే ఎత్తులో, అవ్వ మంచం తలవైపు నుంచి బయలుదేరి అడ్డగోడ పొడుగునా పోయింది. నేను దాని వెంట నడిచాను. వంటింటి ద్వారం దగ్గర తెగి, అవతలి దారబందం మీద నాలుగు వేళ్ళుగా మళ్ళీ మొదలైంది. మూల తిరిగేచోట చిక్కబడింది; అక్కడ ఆ చెయ్యి కాసేపు ఆగుతుంది కాబోలు. పెరటి తలుపు, వసారా గోడ, స్తంభం, చివరకు కుళాయి. పోయేటప్పుడు పొడిగా అంటుకున్న నీలిమందు కుళాయి దగ్గర ముఖం కడుక్కున్న చేతికి తడిసి, తిరిగి వచ్చేటప్పుడు దారి మొత్తాన్నీ రాసేసింది. మేస్త్రీ గుర్తులు పోయిందీ ఇట్లాగే: తెల్లవారకముందే లేచే అవ్వ తడిచెయ్యి వాటి మీదుగా నడిచింది. ఇటుక ఎరుపు అంటుకున్నా ఎవరికీ తెలియలేదు. ఆకు నమిలే అవ్వ వేళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ప్లాను సారు కాగితంలో ఆ గోడ ఉండాల్సిన చోట ఖాళీ. గోడను అట్లా చెరపడానికి నాకు ఒక ఉపన్యాసం సరిపోయింది. అదే గోడ మీద అవ్వ గీసుకున్న ప్లాను ఇది.

నేను తిరిగివచ్చేసరికి నాయన ఆమె మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"అవ్వా, నీకు కనపడటంలేదా?" అన్నాను.

"కనపడకేం? నువ్వు ఆడ నిలబడుకోనుండావు కదా" అని వేలు చూపించింది. ఆ వేలు నాయనను చూపిస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి మా?" అన్నాడు నాయన. ఆయన గొంతు నేను అట్లా ఎప్పుడూ వినలేదు.

"ఏమో నాయనా. ఒక్కసారిగా పోతే తెలుస్తాది. మెల్లమెల్లగా పోయినాది. ఇంట్లో గోడలుండాయి కదా అని గమ్మునుంటి." తమలపాకు ఈనె గిల్లుతూ అంది: "చెప్తే ఏం చేస్తారు? పొయ్యికాడికి పోవద్దంటారు, పెరట్లోకి పోవద్దంటారు. ఒక మూల కూసోబెడతారు. ధర్మవరంలో నాకు ఏ గోడ యాడుండాదో తెలీదు. కూసోబెట్టిన చోటే కూసోనుంటి. ఇంగ ఈడ కూడా గోడ తీసేస్తే..."

"అయితే ఆ రోజు సభలో 'నాదేముండాది' అని ఎందుకన్నావు అవ్వా?"

"నువ్వు అంత బాగా మాట్లాడితివి కదే పాపా. ఏం చెప్పాల?"

నా చర్చాజీవితంలో నా మీద గెలిచిన వాదన అదొక్కటే. అప్పుడే వీధి తలుపు దగ్గర మోటారుసైకిలు ఆగింది. చంకలో బూడిద గుమ్మడికాయతో చూద్దాం మేస్త్రీ లోపలికి వచ్చాడు. చెరిగిపోయిన గుర్తును చూశాడు. నాయన నీలి వీపును, అమ్మ నీలి చెంపను, అవ్వ నీలి చేతిని, ఇల్లంతా చుట్టుకున్న నీలి గీతను చూశాడు. గుమ్మడికాయ ఆయన చేతుల్లోంచి జారి గడప మీద తనంతట తానే పగిలింది. "నేను చెప్పలా సార్!" అని అరిచాడు. "ఇల్లు ఒప్పుకోలా!" కళ్ళు తుడుచుకుంటున్న నాయన ముందు నవ్వాడు, తరువాత అవ్వ నవ్వింది, దేనికో తెలియకుండానే.

పని ఆగింది. నాయన అవ్వను హిందూపురంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. శుక్లాలు ముదిరాయన్నారు; ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని అవ్వ ఇంట్లో అడుగుపెట్టి మొదట నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఇంత నల్లబడినావు?" అంది. తరువాత ప్లాను కాగితం తెప్పించుకుంది. "దీనికి రంగే లేదే!" అని ఆశ్చర్యపోయింది. తరువాత అడ్డగోడ ముందు నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరే గోడనంతా ఇట్ల పాడు చేసింది?"

"నువ్వే అవ్వా."

"నేనెందుకు చేస్తా? ఆధారముండాదా?"

అవ్వ కొనసాగించింది: "ఇంత మసిగోడను పెట్టుకోని ఇన్నాళ్ళు ఎట్లుంటిరి? కొట్టేయండి. హాలు పెద్దగుంటే మంచంలో నుంచే టీవీ కనపడతాది. అంతవరకు ధర్మవరం పోతా. ఆ యమ్మి మగ్గం మీద ఏం రంగు వేసిండాదో చూడాల."

నేను లేచి నిలబడ్డాను. అధ్యక్షా, ఈ గోడ మన కుటుంబ చరిత్రకు సాక్ష్యం, దీన్ని పడగొట్టడమంటే... అని, వెనకటి సభలో నేను చెప్పిన ప్రతి మాటకూ నేనే జవాబు చెప్పాను. "మళ్ళా మొదలైనాది" అని అమ్మ వంటింట్లోకి, గోడ అవతలికి, వెళ్ళిపోయింది. అవ్వ మాటే నెగ్గింది. మేస్త్రీ వచ్చి సాయంత్రం గుర్తు గీసి, కుంకుమ పెట్టి వెళ్ళాడు.

పొద్దున గుర్తు లేదు.

నేను ముందుగా అవ్వ చేతులు చూశాను. శుభ్రంగా ఉన్నాయి, ఆమె ఇప్పుడు గోడ ముట్టుకోకుండా పడసాల నడిమధ్య నుంచి దర్జాగా నడుస్తోంది. పెరట్లో నాయన కుళాయి దగ్గర వంగి, సబ్బు పెట్టి గోళ్ళ సందులు రుద్దుకుంటున్నాడు. పొద్దున్నే అంత శ్రద్ధగా ఆయన చేతులు కడుక్కోవడం నేనెన్నడూ చూడలేదు. నా నాలుక చివర దాకా ప్రశ్న వచ్చింది. వేయలేదు. మేస్త్రీ వచ్చి గోడను చూసి, నావైపు తిరిగి, "ఏమంటావు పాపా, ఆధారం గీధారం..." అన్నాడు. "ఒప్పుకోలేదు మేస్త్రీ" అన్నాను. చివరకు ఆ గోడలోనే మధ్యన పెద్ద కిటికీ పెట్టించారు. పడసాలకు వెలుగొచ్చింది, అమ్మ అందులోంచి కంచాలు అందిస్తుంది, వార్తలు ఎక్కువైనప్పుడు రెక్కలు మూసేస్తుంది.

ఇప్పుడు నేను హిందూపురంలో ఒక లాయరుగారి దగ్గర జూనియరుగా ఉన్నాను. ప్రశ్నలు వేసినందుకే నన్ను అక్కడ ఉంచుకున్నారు. ఇంటికి వెళ్ళినప్పుడల్లా కరెంటు పోయిన సాయంత్రాల్లో నా చెయ్యి దానంతటదే గోడ మీదికి పోతుంది. కొత్త వెల్ల కింద నీలి గీత కనిపించదు, అవ్వ మంచం వెనక జానెడు మేర తప్ప. అక్కడ వెల్ల వేయవద్దని అమ్మ చెప్పిందట. దాన్ని చూసినప్పుడల్లా చేతిలో నీలిమందు పొట్లంతో, లోకమంతా తన మీద కుట్ర పన్నిందని నమ్ముతూ బస్సు దిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దాని మీద కోపం రాదు. పిలిచి, ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, కాసేపు మాట్లాడకుండా కూర్చోమని చెప్పాలనిపిస్తుంది.

కాబట్టి మీకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో మేస్త్రీ గుర్తు పెట్టకముందే, రేపు పొద్దున కాస్త ముందుగా లేచి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు నడిచేటప్పుడు వాళ్ళ చెయ్యి ఎక్కడ ఆనుతోందో చూడండి. "మీ ఇష్టం" అన్న వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొకసారి అడగండి. చెయ్యి గోడను వెతుకుతున్నట్టు కనిపిస్తే వాళ్ళను ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. గోడ సంగతి తరువాత చూద్దాం.